40 రోజుల బాలింత ప్యాకేజీ ఆపేస్తున్నాం, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారం. విజయవాడలో మన క్లినిక్‌కి వచ్చే తల్లులకీ, వాళ్ళని వెంటబెట్టుకొచ్చే అమ్మలకీ ఒక మాట. ఒళ్ళు పట్టడం, నలుగు, స్నానం, సాంబ్రాణి, నడికట్టు, వాటితో పాటు పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ (గర్భసంచినీ, మూత్రసంచినీ కింద నుంచి మోసే కండరాలకి ఇచ్చే వ్యాయామ చికిత్స), అన్నీ కలిపి ఒకే రేటుకి ఇస్తున్న 40 రోజుల ప్యాకేజీ ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాం. నిజం చెప్పాలంటే క్లినిక్ అద్దె దాని మీదే గడుస్తోంది, అందుకే చాలామంది "బాగా నడుస్తున్నదాన్ని ఎందుకమ్మా ఆపడం" అంటున్నారు.

ప్యాకేజీలో ఒళ్ళు పట్టించుకోవడం పూర్తిగా వాడుకుంటారు, ఫిజియోథెరపీ సెషన్లు మాత్రం సగానికి సగం మిగిలిపోతాయి. ఇది బద్ధకం అనను. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లోనే కదా, మొదటి నెల గడప దాటనివ్వరు, తర్వాత బారసాల హడావుడి, మూడో నెలో ఐదో నెలో రాగానే అత్తారింటికి సర్దుకోవడం. పైగా కాన్పు తర్వాత లోపలి కండరాలని చేత్తో పరీక్షించాలంటే మామూలుగా 6 వారాలు ఆగుతాం, అంటే 42 రోజులు. మేం అసలు పని మొదలుపెట్టే టైముకి ప్యాకేజీ ముగిసిపోతోంది!

తుమ్మినా దగ్గినా యూరిన్ పడిపోయే సమస్యకి బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాల ప్రకారం కనీసం 3 నెలలు, ఒకరు దగ్గరుండి చూసుకుంటూ, రోజుకి 3 సార్లు, ప్రతిసారీ కనీసం 8 సార్లు కండరం బిగించే వ్యాయామం చేయించాలి. 40 రోజుల్లో, అందులోనూ సగం రోజులు మంచం మీదే ఉండే మనిషికి, నేను ఇది ఎలా అమ్మను? కాబట్టి ఇకనుంచి ఏ సెషన్‌కి ఆ సెషనే డబ్బు. మొదటిది గంటసేపు, 1200 రూపాయలు. తర్వాతవి 700. ఇంతవరకు విడిగా వచ్చేవాళ్ళ దగ్గర 500 తీసుకునేదాన్ని, పెంచిన మాట నిజమే. అరగంటలో ముగించే పని కాదిది, ఆ గంటలో ఇంకొకర్ని చూడలేను.

ఆ గంటలో ఏం జరుగుతుందని ఫోన్లో అందరూ అడుగుతారు, అడగడానికి మొహమాటపడుతూనే అడుగుతారు. ముందు మాటలే. రోజుకి ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్తున్నారు, అర్జెంటుగా వస్తే ఆపుకోగలుగుతున్నారా, మోషన్‌కి ముక్కాల్సి వస్తోందా, కింద ఏదో జారినట్టు బరువుగా ఉందా, కుట్ల దగ్గర ఇంకా నొప్పి ఉందా, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా. అమ్మ పక్కన కూర్చుని ఉంటే వీటన్నిటికీ ఒకటే జవాబు వస్తుంది, "ఏం లేదండీ, కాస్త నడుం నొప్పి, అంతే". అమ్మ బిడ్డని ఎత్తుకుని బయటికి వెళ్ళాక అసలు సంగతి బయటపడుతుంది. అందుకని అమ్మలూ, కోపం తెచ్చుకోకండి, మొదటి పది నిమిషాల తర్వాత మిమ్మల్ని బయట కూర్చోమంటాం. ఆ తర్వాత పడుకోబెట్టి, తల కొంచెం పైకి లేపమని, పొట్ట కండరాల మధ్య ఎన్ని వేళ్ళ ఖాళీ ఉందో చూస్తాను. లోపలి పరీక్ష మీరు ఒప్పుకుంటేనే. వద్దంటే వద్దు, వేరే పద్ధతుల్లో చాలావరకు పని నడుస్తుంది.

"ఎక్సర్‌సైజులు యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా" అనేవాళ్ళకి: ఉన్నాయి, చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. గ్యాస్ ఆపుకున్నట్టు బిగించి లోపలికి, పైకి లాగాలి, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. కానీ బిగించండి అనగానే చాలామంది కిందికి ముక్కుతారు, లేదంటే పిరుదులు బిగిస్తారు, అది చూసి చెప్పే మనిషి ఉండాలి. ఇంకో సంగతి, కొందరికి ఆ కండరం వదులుగా ఉండదు, ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది, వాళ్ళు ముందు వదలడం నేర్చుకోవాలి, ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది.

ఇక పాతపద్ధతులు. ఒళ్ళు పట్టి నీళ్ళు పోసే మన ఇద్దరు ఆంటీలు ఎక్కడికీ పోవట్లేదు, ఇకమీదట వాళ్ళ డబ్బులు నేరుగా వాళ్ళకే ఇవ్వండి, మధ్యలో నా కమిషన్ ఉండదు. నువ్వుల నూనెతో కాళ్ళూ నడుమూ పట్టించుకోవడం, వేడివేడి అన్నంలో నెయ్యి, వెల్లుల్లి కారం, వంటింటి మొహం చూడకుండా నెలంతా పడుకునే వీలు, వీటిని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు, ఆ విశ్రాంతి ఇంకెవరికీ దొరకదు. కానీ సిజేరియన్ అయినవాళ్ళ పొట్ట జోలికి కుట్టు బాగా మానేదాకా ఆంటీలు వెళ్ళరు. మన ఆచారాలు పుట్టిననాడు పొట్ట మీద కుట్లు లేవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి పొగ వేయడం కూడా మానేశాం, పసిబిడ్డ ఉండే గది అది.

నడికట్టు వదులుగా, నడుముకి ఆసరాలా కడితే సరే, ముఖ్యంగా ఆపరేషన్ అయిన కొత్తల్లో లేచి నడవడానికి హాయిగా ఉంటుంది. పొట్ట తగ్గాలని ఊపిరాడనంత బిగించి కడితే మాత్రం, బెలూన్‌ని మధ్యలో నొక్కినట్టే, ఆ ఒత్తిడి పోయి కిందనున్న కండరాల మీద పడుతుంది. బెల్టులు అమ్మడం కూడా ఆపేశాం.

అన్నిటికంటే నేను ఎక్కువగా గొడవపడేది మంచినీళ్ళ దగ్గర. "నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది, ఒళ్ళు నీరు పడుతుంది" అని బాలింతకి గ్లాసు లెక్కన కొలిచి ఇస్తారు. పాలిచ్చే మనిషి, పథ్యంలో కూరగాయలు కూడా అంతంతమాత్రం, ఇక మలబద్ధకం రాకుండా ఎలా ఉంటుంది? రోజూ ముక్కీ ముక్కీ కుట్ల మీద, అప్పటికే సాగిపోయిన కండరం మీద మళ్ళీ బరువు. చల్లనీళ్ళు వద్దనుకుంటే వాము వేసి కాచిన గోరువెచ్చటి నీళ్ళివ్వండి, దాహం తీరేదాకా ఇవ్వండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకోమనండి, మోకాళ్ళు నడుం కంటే పైకి వస్తే చాలు.

జ్వరం, ప్యాడ్లు గంటకొకటి తడిసేంత బ్లీడింగ్, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, కుట్టు దగ్గర చీము, దుర్వాసన, వీటికి నాకు ఫోన్ చేయకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అమెరికా నుంచి అడిగేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు, కూతురి కాన్పుకి వీసా మీద వెళ్ళిన అమ్మలే ఎక్కువగా ఫోన్ చేస్తారు. అక్కడ ఫిజియోథెరపీకి ఏ రాష్ట్రం లైసెన్స్ ఆ రాష్ట్రానిదే, నేను ఇక్కడ కూర్చుని వీడియోలో ట్రీట్‌మెంట్ ఇవ్వలేను. మీ డాక్టర్‌ని పెల్విక్ ఫ్లోర్ ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరికి రాయమని అడగండి. వంటా పథ్యం గురించి అయితే అమ్మతో ఫోన్లో మాట్లాడతాను, దానికి ఫీజు లేదు. ఇక్కడి నుంచి హైదరాబాద్, వైజాగ్, ఎక్కడి అత్తారింటికి వెళ్ళినా సెషన్లు వీడియోలో కొనసాగుతాయి, అదే 700. వీలైతే సీమంతానికి పుట్టింటికి వచ్చినప్పుడే, డాక్టర్ సరే అంటే, ఒకసారి రండి, కాన్పుకి ముందే ఆ కండరం ఎక్కడుందో తెలిసిన మనిషికి తర్వాత నేర్పడం చాలా సులువు.

అమ్మలూ, మీరు కూడా. బిడ్డని ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి "నాక్కూడా ఇరవై ఏళ్ళుగా ఇంతేనమ్మా" అని నెమ్మదిగా చెప్పేవాళ్ళు నాకు కొత్త కాదు. గర్భసంచి కాస్త జారిందని తీయించుకోవడమే దారి అనుకోకండి, తక్కువగా జారినప్పుడు వ్యాయామంతో ఇబ్బంది చాలామందికి తగ్గుతుంది. వయసు దాటిపోయిందని ఎవరినీ వెనక్కి పంపం.

ప్యాకేజీ డబ్బు ముందే కట్టినవాళ్ళకి మిగిలిన సెషన్లు అలాగే ఉంటాయి, పాత రేటుకే, గడువేమీ లేదు. వద్దనుకుంటే మిగిలినదానికి డబ్బు వాపసు, రసీదు లేకపోయినా పర్వాలేదు, రిజిస్టర్‌లో మీ పేరుంటుంది. కాకపోతే ఈ నెలలో అందరూ ఒకేసారి అడిగితే కొంచెం కష్టం, వచ్చే నెల పదో తారీఖు లోపు అందరికీ ఫోన్‌పే చేసేస్తాను.