చెరువు సంఘం వార్షిక నివేదిక: మేత చేపలు వేశాం, ఇక చిన్న బాస్ చేపలను తీయాలి

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల లెక్క విడిగా పంపాం, ఇక్కడ దాని జోలికి పోను. గట్టు మరమ్మతు అయింది, విరిగిన బల్లలు మార్చాం. మిగతా ఏడాదంతా ఒకే గొడవ: మన చెరువులో బాస్ (చిన్న చేపలను వేటాడి తినే చేప) ఎందుకు ఎదగడం లేదు?

వసంతంలో గాలానికి పడ్డ ప్రతి చేపనూ కొలిచి, తూచి రాసుకున్నాం. దాదాపు అన్నీ 10, 12 అంగుళాల మధ్యే ఆగిపోయాయి. తల పెద్దది, పొట్ట లోపలికి పీక్కుపోయింది, వెన్ను సన్నం. పక్కనుంచి చూస్తే వేరే చేప తలను తెచ్చి అతికించినట్టు ఉంది. ఒకదాని పొట్ట కోసి చూస్తే నీటిపురుగులు తప్ప ఒక్క చేపముల్లు కూడా లేదు.

బాస్ ఒక కిలో బరువు పెరగాలంటే సుమారు 10 కిలోల మేత చేపలు తినాలని చెరువులు చూసేవాళ్లు లెక్క వేస్తారు. అవి కూడా తగిన సైజులో ఉండాలి, అంటే బాస్ పొడవులో పావు నుంచి మూడో వంతు దాకా. పెద్ద బాస్ రోజంతా అంగుళం చేపల వెంట పడితే తిన్నది తిరుగుడుకే సరిపోతుంది.

ఏ చేప వెయ్యాలన్న దానిమీద మీటింగుల్లో బాగానే వాదించుకున్నాం. చాలామంది అడిగిన ఫ్యాట్‌హెడ్ మిన్నో మూడు అంగుళాలకు మించి పెద్దగా పెరగదు, ఈత కూడా నెమ్మది. కొత్త చెరువులో బాస్ కంటే ముందు వేస్తే సంతానం పెంచుకుని నిలదొక్కుకుంటుంది గానీ, ఆకలి మీదున్న బాస్ మధ్యలో వదిలితే కొన్నాళ్లకే ఖాళీ, అంటే ఒక్క విందు పెట్టి ఊరుకున్నట్టు. థ్రెడ్‌ఫిన్ షాడ్ మంచి మేతే, కానీ నీళ్లు 5–7 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే బతకదు. గిజార్డ్ షాడ్ త్వరగా పెరిగి బాస్ నోటికి పట్టనంత అవుతుంది, పైగా బ్లూగిల్ అనే మేత చేప పిల్లల తిండికి పోటీ వస్తుంది, కాబట్టి మనలాంటి చిన్న చెరువుకు వద్దన్నాం. ప్రతి మీటింగులో క్రాపీ చేప గురించి అడిగే మిత్రులకూ అదే జవాబు, ఇక అడగొద్దు.

చివరికి ఎక్కువగా బ్లూగిల్, కొద్దిగా గోల్డెన్ షైనర్ తెప్పించాం. బ్లూగిల్ వెచ్చని నెలల్లో మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది, అందుకే అన్ని సైజుల పిల్లలూ ఎప్పుడూ నీళ్లలో ఉంటాయి. అసలు లాభం అక్కడే ఉంది. మన చిన్న బాస్ ఒక్క పూటలో మింగేయకుండా ఐదు అంగుళాలు దాటినవే తీసుకున్నాం. వచ్చిన రోజు సంచులను మూతి విప్పకుండా కాసేపు చెరువులో తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా చెరువు నీళ్లు కలిపి, ఒడ్డున ముంచిన కొమ్మల గుట్టల దగ్గర వదిలాం. కొందరికి ఆలస్యమని విసుగొచ్చింది కానీ, వేడి తేడాకు చేపలు తట్టుకోలేవు. దక్షిణపు మూలలో దట్టంగా పెరిగిన నాచు కూడా కొంత తీసేశాం. నాచు మరీ ఎక్కువైతే మేత చేపలు అందులోనే దాక్కుని బాస్‌కు అందవు.

ఇప్పుడు అసలు సంగతి, కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నాను. మనలో చాలామంది పట్టిన ప్రతి బాస్‌నూ ముద్దుగా నీళ్లలోకి వదిలేస్తారు. పెద్ద చేపకైతే మంచిదే. కానీ తినే నోళ్లు ఇన్ని ఉండగా ఎన్ని మేత చేపలు పోసినా అవి పంచుకోవడానికే చాలవు. ఇలా బాస్ కిక్కిరిసిన చెరువులో పోషకాలు బాగుంటే ఏడాదికి ఎకరానికి 10 కిలోలు, ఆపైన కూడా చిన్న బాస్‌ను తీయమంటారు. అందుకే కమిటీ ప్రతిపాదన ఇది: 14 అంగుళాల లోపు బాస్ పడితే తిరిగి వదలకూడదు, ఇంటికి తీసుకెళ్లి వండుకోండి. అంతకంటే పెద్దవి వదిలేయాలి. దీనిమీద సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది, తప్పకుండా రండి.

ఇంకో మాట. ఎర కోసం తెచ్చి మిగిలిన చేపలను చెరువులో పోయకండి. బయటి చేప ఏదైనా వేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, రోగాలూ అక్కర్లేని జాతులూ అలాగే వస్తాయి.

వచ్చే వేసవి చివర్లో ఒడ్డు వెంబడి చిన్న వల లాగి బ్లూగిల్ పిల్లలు ఏ సైజుల్లో ఉన్నాయో చూస్తాం. రెండు అంగుళాలవి దండిగా దొరికితే మళ్లీ చేపలు కొనే పని ఉండదు. తూకం, కొలబద్ద, రిజిస్టరు షెడ్డులోనే ఉంటాయి. పట్టిన బాస్ పొడవు, బరువు రెండూ రాయండి, ఒక్క పొడవే రాస్తే చేప ఒళ్లు పట్టిందో లేదో మాకు తెలియదు.