శాంతి, సామాజిక న్యాయ కమిటీ వార్షిక నివేదిక - 2024

సభ్యులందరికీ నమస్కారం.

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉంటూ ఆదివారాలు క్వేకర్ల (యుద్ధాన్నీ హింసనూ వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖ) మౌన ప్రార్థనలో కూర్చునే తెలుగు కుటుంబాల కోసం ఈ కమిటీ పనిచేస్తోంది. ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువమందిని ఏడిపించింది కులం గురించిన తీర్మానం. అందుకే మామూలుగా జమాఖర్చులతో మొదలుపెట్టే నివేదికను ఈసారి దానితో మొదలుపెడుతున్నాను.

ఆ మాట మొదలైంది ఇలా. వసంతకాలంలో పిల్లల్ని తీసుకుని ఫిలడెల్ఫియాలోనే ఉన్న జర్మన్‌టౌన్ వెళ్ళాం. 1688లో అక్కడ నలుగురు మనుషులు బానిసత్వం తప్పని ఒక కాగితం రాసి, సంతకాలు పెట్టి క్వేకర్ల సభకు ఇచ్చారు. ఇక్కడి ఇంగ్లిష్ వలసల్లో బానిసత్వాన్ని నిరసిస్తూ రాసిన మొదటి పత్రంగా దాన్ని చెబుతారు. అప్పట్లో క్వేకర్లలోనే బానిసల్ని కొనుక్కున్నవాళ్ళు ఉండేవాళ్ళు. సముద్రం మీద కొత్త ఓడ కనిపిస్తే టర్కీ వాళ్ళు పట్టుకుపోయి అమ్మేస్తారేమోనని భయపడతామే, మరి ఇక్కడ మనం చేస్తున్న పనేమిటి అని ఆ కాగితం నిలదీసింది. కింది సభ వాళ్ళు ఇది మా స్థాయికి మించిన విషయమని పై సభకు పంపారు. అక్కడివాళ్ళు ఇంకా పైకి పంపారు. ఆ పైన దాన్ని పక్కన పెట్టేశారు. బానిసలున్నవాళ్ళకు సభ్యత్వం ఉండదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చి చెప్పింది 1776లో. అంటే 88 ఏళ్ళ తర్వాత.

ఈ మధ్యలో గొంతెత్తినవాళ్ళు లేకపోలేదు. గట్టిగా మాట్లాడిన బెంజమిన్ లే అనే క్వేకర్‌ను 1738లో వెలివేశారు. జాన్ వూల్మన్ అనే ఇంకో క్వేకర్ అయితే బానిసలున్నవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, కూర్చుని, మెల్లగా మాట్లాడేవాడు. అలాంటి ఇంట్లో భోంచేయాల్సి వస్తే, వండి వడ్డించిన బానిసల చేతిలో డబ్బు పెట్టి వచ్చేవాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు.

"అంత చిన్న విషయానికి 88 ఏళ్ళు ఎందుకు పట్టింది?" అని ఒక అబ్బాయి అడిగాడు. మనలో ఒక ఆవిడ జవాబు చెప్పారు. వాళ్ళ ఊరి హోటల్లో వాళ్ళ నాన్నగారికి టీ వేరే గ్లాసులో పోసేవారట, తాగాక ఆ గ్లాసు ఆయనే కడిగి పెట్టాలట. "ఇక్కడికొచ్చాక మొదటి ఉగాది పండక్కి వెళ్తే, పచ్చడి చేతికివ్వకముందే ఇంటిపేరు అడిగారు" అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరం పెద్దగా మాట్లాడలేదు.

ఆ తర్వాతి నాలుగు బైఠకులూ దీనికే పోయాయి. మన దగ్గర ఓట్లు వేయడం లేదన్న సంగతి మీకు తెలుసు. అందరి మనసూ ఒక దారికి వచ్చేదాకా కూర్చోవాలి, రాకపోతే విషయం వాయిదా పడుతుంది. కొంతమంది సభ్యులు "అమెరికా వచ్చాక కులం ఎక్కడుంది, లేనిపోని గొడవ ఎందుకు?" అన్నారు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు, అదే ఏడాది అలాంటి కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ తిప్పి పంపినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ నడిచిందో గుర్తు చేసుకున్నాం. చివరికి నాలుగో బైఠకులో తీర్మానం కుదిరింది. మన కార్యక్రమాల్లో ఎవరినీ కులం అడగకూడదు. "మీరేమిట్లు?" అని గానీ, ఇంటిపేరు, ఊరు, ఏ వీధి అంటూ చుట్టూ తిప్పి గానీ కూపీ లాగకూడదు. వంటలోనూ వడ్డనలోనూ అందరికీ వంతులు ఉంటాయి.

ఈ క్రమంలో రెండు కుటుంబాలు రావడం మానేశాయి. తీర్మానం విషయంలో నాకు సందేహం లేదు. కానీ వాళ్ళ ఇళ్ళకు మేము వెళ్ళి ఉండాల్సింది. వూల్మన్ గురించి అంత చదివి కూడా మెసేజ్ పెట్టి ఊరుకున్నాం. అది ఈ కమిటీ పొరపాటు. ఇప్పుడు వెళ్తున్నాం.

జైలు పని గురించి. హింసకు ప్రత్యామ్నాయాలు నేర్పే శిక్షణ 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైలులో, ఖైదీలు అడిగితే క్వేకర్లు వాళ్ళతో కలిసి మొదలుపెట్టారు. మనవాళ్ళు ముగ్గురు ఈ ఏడాది మొదటి మెట్టు శిక్షణ పూర్తి చేశారు. శిక్షణకు ముందు వాళ్ళని ఫిలడెల్ఫియాలోని పాత ఈస్టర్న్ స్టేట్ జైలు చూసి రమ్మన్నాం. 1829లో తెరిచిన ఆ జైలు వెనక క్వేకర్ల ఆలోచన కూడా ఉంది. మనిషిని ఒంటరిగా ఉంచితే తనలోకి తాను చూసుకుని మారతాడని నమ్మారు. ఆ ఒంటరితనం ఎందరినో మతి చెడగొట్టింది. మంచి మనసుతో చేసిన పని కూడా ఎదుటివాణ్ణి అడగకుండా చేస్తే ఎటు పోతుందో ఆ గదుల్లో నిలబడితే తెలుస్తుంది. శిక్షణకు వెళ్ళే ప్రతి సభ్యుడూ అది చూడాలని నా అభిప్రాయం.

చట్టసభ సభ్యులకు ఉత్తరాలు రాసే పని అనుకున్నంత సాగలేదు. వీసా మీద ఉన్నవాళ్ళు సంతకం పెట్టడానికి భయపడ్డారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. పౌరసత్వం వచ్చినవాళ్ళు మాత్రం యుద్ధ ఖర్చు తగ్గించమని, 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోగొట్టుకునే పిల్లలకు దారి చూపమని రాశారు. రెండో ఉత్తరం గురించి అడిగితే మన ఇళ్ళల్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన పిల్లో పిల్లాడో ఉన్నారు.

నెలకో శనివారం ఆకలిగొన్నవారికి భోజనం వండే పని ఆగకుండా నడిచింది. పులిహోర, పెరుగన్నం బాగా వెళ్తున్నాయి, కారం తగ్గించమన్నారు. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం. ఎక్కువ ఖర్చు బస్సు కిరాయికి, పిల్లల పుస్తకాలకు అయింది.

నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన క్వేకర్ బయార్డ్ రస్టిన్ గురించి పిల్లలు తయారుచేసిన గోడ ప్రదర్శన ఈ ఏడాది నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆయన 1912లో మన పక్కనే వెస్ట్ చెస్టర్‌లో పుట్టారు. ఆయన పేరున అక్కడ హైస్కూలు కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళనని రెండేళ్ళకు పైగా జైల్లో ఉన్నారు. గాంధీజీ చనిపోయిన ఏడాది భారతదేశం వెళ్ళి వచ్చారు. నల్లవాళ్ళ హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ ప్రదర్శనను దగ్గరుండి నడిపించారు. స్వలింగ సంపర్కుడని ఆయన్ని సొంత ఉద్యమమే చాలా కాలం వెనక నిలబెట్టింది. ఆ మాటను గోడ మీద రాయాలా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడుతుండగానే పిల్లలు రాసేశారు. అలాగే ఉంచాం.

పెళ్ళి సంబంధాల గ్రూపులో కులం పేరుతో పెట్టే ప్రకటనలను ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. జనవరి మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక దాని మీదే కూర్చుంటున్నాం. ఈ విషయంలో మాతో ఏకీభవించనివాళ్ళు తప్పకుండా రావాలని ప్రత్యేకంగా కోరుతున్నాం. మధ్యాహ్నం భోజనం ఉంటుంది.

కమిటీ తరఫున,
కార్యదర్శి