ఇంజన్ కట్టాక క్లచ్ మొరాయిస్తే ప్లేట్లు మార్చడం మందు కాదు

సంపాదకులు గారికి,

ఏటీవీ (ఎలాంటి నేల మీదైనా నడిచే నాలుగు చక్రాల బండి) ఇంజన్ విప్పి కట్టాక క్లచ్ సరిగా పనిచేయకపోతే అందరూ మొదట అనే మాట ఒకటే: ప్లేట్లు పోయాయి, సెట్టు మార్చేయండి. వాహనాల పేజీల్లో వచ్చే సలహాలు కూడా తరచూ ఇక్కడే ఆగిపోతాయి. విప్పకముందు బాగా నడిచిన క్లచ్ కట్టిన మర్నాడే అరిగిపోదు. తేడా బిగింపులో వచ్చింది. ఆ తప్పును లోపలే వదిలేసి కొత్త ప్లేట్లు వేస్తే అవీ కాలిపోతాయి.

ముందు క్లచ్ వదలడం లేదా (లివరు పట్టినా ఇంజన్ శక్తి చక్రాలకు పోతూనే ఉందా), పట్టడం లేదా (లివరు వదిలినా శక్తి పూర్తిగా అందక జారుతోందా) అన్నది తేల్చుకోవాలి. ఇంజన్‌ను అయిదు నిమిషాలు వేడెక్కనిచ్చి, వెనక చక్రాలు నేలకు తగలకుండా స్టాండు మీద నిలపండి. లివరు పూర్తిగా పట్టి మొదటి గేరు వేయండి. చక్రాలు మెల్లగా తిరిగి, బ్రేకు నొక్కగానే ఇంజన్ బరువెక్కకుండా ఆగిపోతే భయం లేదు, అది ఆయిలు జిగట మాత్రమే. బ్రేకు వేయగానే ఇంజన్ కూడా ఆగిపోయిందంటే క్లచ్ వదలడం లేదు. పై గేరులో తక్కువ వేగంతో పోతూ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

కవరు విప్పే ముందు కేబుల్ చూడండి. లివరు చివర ఎంత ప్లే (కేబుల్ బిగుసుకునేలోపు ఉండే ఖాళీ కదలిక) ఉండాలో మోడల్‌ను బట్టి మారుతుంది, చాలా బళ్లలో 10 నుంచి 20 మిల్లీమీటర్లు. అసలు ప్లే లేకపోతే జారుతుంది, ఎక్కువైతే వదలదు. ఆ తర్వాత ఆయిలు. కార్ల కోసం చేసిన, ఇంధనం ఆదా చేస్తుందని రాసి ఉన్న ఆయిలులో రాపిడిని తగ్గించే రసాయనాలు ఉండవచ్చు. ఆయిలులో తడిసి పనిచేసే క్లచ్‌కు అవి పనికిరావు. డబ్బా మీద జపాన్ ఆయిలు ప్రమాణమైన జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. రాపిడి తక్కువగా ఉండే ఎంబీ అన్నది వద్దు. పూర్తిగా విప్పిన ఇంజన్‌కు పట్టే ఆయిలు మామూలు మార్పిడికి పట్టేదానికన్నా ఎక్కువ. మాన్యువల్‌లో రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి. కొలత ప్రకారం పోసి, ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, మట్టం మళ్లీ చూడాలి.

ఇవన్నీ సరిగా ఉంటేనే కవరు విప్పాలి. ఎక్కువ మంది తప్పేది వాషర్ దగ్గర. ప్లేట్లు కూర్చునే బయటి గిన్నె బాస్కెట్, దాని లోపల తిరిగేది హబ్బు; ఈ రెండింటి మధ్య పల్చటి గట్టి వాషర్ ఒకటి ఉంటుంది. విప్పేటప్పుడు అది ఆయిలు తడికి హబ్బు వీపుకు అంటుకుని వస్తుంది. కడిగే తొట్టిలో రాలిపోయినా ఎవరూ గమనించరు. అది లేకుండా నట్టు బిగిస్తే హబ్బు నేరుగా బాస్కెట్‌ను ఒరుసుకుని, రెండూ ఒకటైపోయి కలిసే తిరుగుతాయి. లివరు మామూలుగానే ఉంటుంది, ప్లేట్లను నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేట్ చక్కగా లేస్తుంది, అయినా క్లచ్ వదలదు. ఈ లక్షణం కనిపిస్తే ప్లేట్లకన్నా ముందు వాషర్ చూడండి.

పట్టుకునే మార్గం తేలిక. ప్లేట్లు పెట్టకుండా బాస్కెట్, వాషర్, హబ్బు, లాక్ వాషర్, నట్టు అన్నీ ఎక్కించి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, బాస్కెట్‌ను ఒక చేత్తో పట్టి హబ్బును రెండో చేత్తో తిప్పండి. పట్టు లేకుండా తిరగాలి. నట్టు వదులుగా ఉన్నప్పుడు తిరిగి, బిగించాక ఆగిపోతే వాషర్ లేదనో, తలకిందులైందనో, బాస్కెట్ పూర్తిగా లోపలికి కూర్చోలేదనో అర్థం. కొన్ని ఇంజన్లలో ఆయిల్ పంపును తిప్పే గేరు పళ్లు బాస్కెట్ వెనక గాడుల్లో కూర్చోవాలి. అవి కూర్చోకపోతే క్లచ్ కష్టాలతో పాటు ఆయిలు తిరగక కొత్త పిస్టనే పట్టేస్తుంది. అందుకే ఈ పరీక్షను ఎంత తొందరలో ఉన్నా వదలకూడదు.

తర్వాత లివరు లాగుడును ప్రెషర్ ప్లేట్‌కు చేర్చే పుష్ రాడ్. చాలా ఇంజన్లలో అది రెండు ముక్కలుగా ఉండి మధ్యలో చిన్న స్టీలు గుండు ఉంటుంది. గుండు మరిచిపోతే కేబుల్ ఎంత సర్దినా ప్లే తగ్గదు, లివరు వదులుగా వేలాడుతుంది. గుండుకు కాస్త గ్రీజు రాసి పెడితే జారిపోదు.

జారుడుకు ఇంకో కారణం ప్రెషర్ ప్లేట్ అంచు పళ్లు హబ్బు గాడుల్లో కూర్చోకపోవడం. అప్పుడు స్ప్రింగుల బలం ప్లేట్ల మీద పడదు, బోల్టులు బిగించినా బండి కదలదు. రెండింటి మీదా బాణమో చుక్కో గుర్తు ఉంటే కలిపి పెట్టండి. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. తర్వాత లివరు పట్టి ప్రెషర్ ప్లేట్ చుట్టూ సమంగా లేస్తోందో లేదో కంటితో చూడండి.

కొత్త ప్లేట్లే వేయాల్సి వస్తే రాత్రంతా అదే ఇంజన్ ఆయిలులో నానబెట్టాలి. ఎండు ప్లేట్లు మొదటి నిమిషాల్లోనే మాడవచ్చు. పాతవి వాడుతుంటే విప్పిన వరసలోనే తిరిగి పెట్టాలి. బాస్కెట్ వేళ్ల మీద పాత ప్లేట్లు చేసిన గాట్లు ఉంటాయి. వరస మారినా, కొత్త ప్లేట్లు వేసినా ప్లేట్ల అంచు చెవులు ఆ గాట్ల అంచుల్లో చిక్కి క్లచ్ వదలకపోవచ్చు. గాట్లు తేలికగా ఉంటే సన్నని ఆకురాయితో సాపు చేయవచ్చు, లోతైతే బాస్కెట్ మార్చాలి. స్టీలు ప్లేట్లను అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకుల సాధనం) చూడండి. 0.2 మిల్లీమీటర్ల రేకు కిందికి దూరితే చాలా మోడళ్లలో ఆ ప్లేట్ వంగినట్టే లెక్క.

లివరు లేకుండా పెడల్‌తో గేర్లు మార్చే ఏటీవీల సంగతి వేరు. వాటిలో క్రాంక్ మీద వేగానికి పట్టే క్లచ్ ఒకటి, గేరు పెడల్‌తో పనిచేసే క్లచ్ ఇంకొకటి ఉంటాయి. క్రాంక్ మీది క్లచ్‌లోని వన్‌వే బేరింగ్ (ఒక వైపే తిరిగేది) తిరగేసి పెడితే గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది, లేదా ఇంజన్ ఆగిపోతుంది. అన్నీ సరిగా ఉన్నా గేరులో నిలబెట్టినప్పుడు బండి పాకుతుంటే స్లో స్పీడ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) చూడండి. కార్బ్యురేటర్ రబ్బరు దగ్గర గాలి లీకై స్లో స్పీడ్ పెరిగితే ఆ క్లచ్ సగం పట్టే ఉంటుంది. క్లచ్‌లో తప్పే లేదు. గేరు పెడల్ క్లచ్‌కు కవరు మీద ఉండే సర్దుబాటు స్క్రూ కూడా ఇంజన్ కట్టాక తప్పక సరిచేయాలి. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను అడ్డు తగిలేదాకా తిప్పి, చాలా మోడళ్లలో పావు చుట్టు వెనక్కి తెచ్చి బిగిస్తారు. ఏ వైపు తిప్పాలో మాన్యువల్‌లో ఉంటుంది. క్రాంక్ మీది క్లచ్ నట్టుకు కొన్ని మోడళ్లలో రివర్స్ థ్రెడ్ (ఎదురు మర) ఉంటుంది, విప్పేముందు చూసుకోండి.

క్లచ్ మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు మీ వాహనాల పేజీలో జవాబిచ్చేవారు ముందుగా ఈ మధ్య ఇంజన్ విప్పారా అని అడగాలని నా కోరిక. విప్పామంటే ప్లేట్ల ధర చెప్పే ముందు వాషర్ల వరస చూపే బొమ్మ అచ్చువేయండి.

ఏటీవీ ఇంజన్లు కట్టే ఒక పాఠకుడు