బడి మూసేటోళ్లు పాత రిజిస్టర్ల సంగతి చెప్పాలె

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీల పిల్లలు లేని సర్కారు బడుల గురించి వేసిన్రు, అందుల మా వాడ బడి గూడ ఉంది. మూసుడు, పక్క బడిల కలుపుడు గురించి అంత రాసిన్రు గని, బీరువాల ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లు ఏమైతయో ఒక్క ముక్క లేదు. నా బాధ అదే.

నేను 1974ల ఆ బడిల ఒకటో తరగతిల చేరిన. మా బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు, మిల్లు సైరన్ కూస్తేనే మా వాడల టైం తెలిసేది, గోనెసంచి, పలక సంకల పెట్టుకొని ఉరికేటోళ్లం. చేర్చుకునే రోజు బర్త్ సర్టిఫికెట్లు ఎవలకున్నయి? పెద్దసారు నా కుడిచెయ్యి నెత్తి మీదికెళ్లి తిప్పి ఎడమ చెవు ముట్టుకొమ్మన్నడు. మొదలు అందలే, మెడ వంచి ఎట్లనో ముట్టుకున్న. "అందింది తియ్" అని పేరు రాసుకున్నడు. పుట్టిన తేదీ అడిగితే మా అమ్మ బతుకమ్మ పండుగ అయినంక పుట్టిండన్నది, సారు ఐదేండ్లు నిండినట్టు లెక్క చూసి జూన్ల ఒక తేదీ వేసిండు, పక్కన మా బాపు వేలిముద్ర పెట్టిచ్చిండు. ఇయ్యాల నా ఆధార్ల, పాన్‌ల, సర్వీసు బుక్కుల అన్నిట్ల అదే తేదీ. మా ఈడోళ్లల్ల ఎవలనడిగినా పుట్టినరోజు జూన్, జులైలనే ఉంటది, కారణం ఇదే. అంటే మా బతుకులకు మొదటి సర్కారు కాగితం ఆ రిజిస్టరే.

పాతోళ్ల ముచ్చట పక్కన పెట్టుండ్రి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినకాడికెళ్లి సర్కారు కొలువులల్ల లోకల్ ఎవలో తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివిండన్నదే, ఏ నోటిఫికేషన్ పడ్డా బోనఫైడ్లు, అంటే ఆ బడిల చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్లు, పెట్టుమంటరు. మా అన్న కొడుకు అదే బడిల చదివిండు, వెరిఫికేషన్‌కు బోనఫైడ్ కోసం పోతే 2023 జులై వరదల బీరువా మునిగింది, పేజీలు అతుక్కపోయినయి, మావల్ల కాదన్నరు. వరంగల్ల విద్యాశాఖ ఆఫీసుకు పోతే ఇది మా పరిధి కాదు, హనుమకొండల అడుగుమన్నరు, ఆడికి పోతే వరంగల్‌కే పొమ్మన్నరు. ఒక్క జిల్లాను 2016ల ముక్కలు చేసి 2021ల మళ్ల పేర్లు మార్చిన్రు సరే, ఏ కాగితం ఎటు పోయిందో జనానికి చెప్పే బాధ్యత ఎవలిది? ఆ పిలగాడు ఏడ్చుడొక్కటే తక్కువ.

బడులు ఖాళీ అయితున్నయంటే తల్లిదండ్రుల మీదికి తోస్తున్రు. ఐదు తరగతులకు ఒక్క సారు ఉంటే ఎవలు పంపుతరు? ఆ ఒక్క సారునన్నా పిల్లల కాడ ఉంచుతరా అంటే అదీ లేదు, 2024 నవంబర్ల ఇంటింటి సర్వేకు ప్రైమరీ టీచర్లను తిప్పి ఒంటిపూట బడులు పెట్టిరి. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమలుల ఉంది, చిన్నపిల్లలకు కిలోమీటరు లోపల బడి ఉండాలన్న మాట కాగితం మీదనే ఉన్నది. బడులు బాగుచేస్తమని 2022ల మన ఊరు మన బడి అన్నరు, సర్కారు మారినంక అమ్మ ఆదర్శ పాఠశాల అన్నరు, మా బడికి మాత్రం గోడల రంగే మారింది.

భూముల కాగితాలకు 2020ల ధరణి తెచ్చిన్రు, 2025ల దాన్ని తీసేసి భూభారతి తెచ్చిన్రు. భూమికి అంత చేసినోళ్లకు మనుషుల వయసు, చదువు రాసి ఉన్న రిజిస్టర్లను స్కాన్ చేయిద్దామని తోచలేదా? మిల్లు మూతబడ్డది, ఇగ ఆ మిల్లు పిల్లల పేర్లున్న పుస్తకాలను గూడ చెదలకు వదిలేస్తరా?

కలెక్టర్ గారు, జిల్లా విద్యాధికారి (డీఈవో) గారు ఇది చదివితే ఒక పని చెయ్యుండ్రి. ఏ బడి తాళం వేసినా ముందుగాల దాని అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు లెక్కబెట్టి రాసుకొని, ఎవరి కస్టడీల పెడుతున్నరో బడి గోడకు నోటీసు అంటియ్యుండ్రి, ఫోన్ నంబర్‌తో సహా. తడిసినయి ఆరబెట్టి ఫొటోలన్నా తీయిచ్చుండ్రి. కూర్చొని పేర్లు ఎక్కిచ్చే మనుషులు లేరంటే మాకంటే ముందు బ్యాచ్‌ల రిటైర్డ్ టీచర్లే వస్తమంటున్నరు, పర్మిషన్ ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాత విద్యార్థి, వరంగల్