ఆ హక్కుకు హద్దులు ఉన్నాయి

సంపాదకులకు,

అమెరికాలో కాల్పులు జరిగినప్పుడల్లా మన టీవీ చర్చల్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: తుపాకీ అక్కడ రాజ్యాంగ హక్కు కనుక ప్రభుత్వం చేయగలిగిందేమీ లేదని. కొన్నేళ్లు న్యాయశాస్త్రం బోధించినవాడిగా, ఈ మాటలో నిజం సగమేనని విన్నవించుకుంటున్నాను.

ఆ హక్కుకు మూలమైన, 1791లో అమల్లోకి వచ్చిన అమెరికా రాజ్యాంగ రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. స్వేచ్ఛాయుత రాజ్య భద్రతకు క్రమబద్ధమైన పౌరసేన అవసరం గనుక, ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలగరాదని దాని సారం. ఈ హక్కు పౌరసేన కోసమా, వ్యక్తి కోసమా అన్న వివాదాన్ని 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో వ్యక్తి పక్షాన తేల్చి, ఇంట్లో పిస్తోలు ఉంచుకోరాదన్న వాషింగ్టన్ నగర నిషేధాన్ని కొట్టివేసింది. అయితే తుపాకీ సమర్థకులు తలకెత్తుకునే ఆ తీర్పులోనే ఈ హక్కు అపరిమితం కాదని జస్టిస్ స్కాలియా రాశారు. నేరస్థులకు, మానసిక రోగులకు తుపాకీ దక్కకుండా చూసే చట్టాలను, బడుల్లోకి, ప్రభుత్వ భవనాల్లోకి ఆయుధాలు తేరాదన్న నిబంధనలను, అమ్మకాలపై విధించే షరతులను తమ తీర్పు శంకించడం లేదని కూడా స్పష్టం చేశారు. దీన్ని మనవాళ్లు ఎవరూ ఉటంకించరు!

పిస్తోలు వెంట తీసుకెళ్లడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ చట్టాన్ని 2022లో కొట్టివేస్తూ, ప్రతి ఆంక్షకూ దేశ చరిత్రలో పోలిక ఉండాలని కోర్టు పట్టు బిగించిన మాట వాస్తవం. కానీ 2024లో రహీమీ కేసులో, గృహహింస కారణంగా రక్షణ ఉత్తర్వుకు లోబడి, ఇతరుల భద్రతకు ముప్పని న్యాయస్థానం నిర్ధారించిన వ్యక్తి తుపాకీ ఉంచుకోకుండా తాత్కాలికంగా నిషేధించవచ్చని అదే కోర్టు 8–1తో చెప్పింది. పాత చట్టం అచ్చుగుద్దినట్టు ఉండనక్కర్లేదనీ, మూలసూత్రం కలిస్తే చాలనీ వివరించింది.

ఇక అసాల్ట్ రైఫిళ్లపై 1994 నాటి నిషేధాన్ని ఏ కోర్టూ రద్దు చేయలేదు. పదేళ్ల గడువు 2004లో తీరిపోతే అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ పొడిగించలేదు, అంతే. తుపాకీ చేత ఎడతెగకుండా గుళ్లు కురిపించే బంప్ స్టాక్ అనే పరికరంపై నిషేధం 2024లో వీగిపోయిందీ రెండో సవరణ వల్ల కాదు. ఉన్న చట్టంలోని పదాలు దానికి వర్తించవని కోర్టు అన్నది. చట్టాన్ని కాంగ్రెస్ సవరించవచ్చని జస్టిస్ అలీటో విడిగా రాశారు కూడా. అందుచేత నిందలో పెద్ద వాటా రాజ్యాంగానికి కాక, చట్టసభకు చెందాలి. (ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావాలని 19వ అధికరణలోనే రాసుకున్న మనకు ఈ తగవంతా వింతగా తోచడం సహజమే.)

మన పిల్లలకు నేరుగా తగిలే హద్దు మరొకటి ఉంది. విద్యార్థి వీసా, హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు. వేట లైసెన్సు ఉన్నవారికి, మరికొందరికి మాత్రమే మినహాయింపు. సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకుని ఫొటో దిగే కుర్రాళ్లకు ఈ సంగతి చాలామందికి తెలియదు. విదేశీ విద్య పేజీలో దీన్ని ఒకసారి ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ