రోజూ నిలబడి చెప్పే లెక్క

బెర్లిన్,
ఏప్రిల్ 12

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను కులాసా. అమ్మ పంపిన మాగాయ ఇంకా అర సీసా ఉంది. దాళ్వా కోతలు అయ్యాయా? కాలువ కట్టేసేలోపు ఊరి చెరువు నింపారా?

"మీ ఆఫీసులో రోజూ నిలబెట్టి లెక్క అడుగుతారటగా" అని ఆదివారం మీరు అన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. అది శిక్ష కాదు నాన్నగారూ. పొద్దున్నే 8 మందిమి బోర్డు ముందు నిలబడతాం. కూర్చుంటే మాటలు సాగుతాయని అలా. నిన్న ఏమి చేశాను, ఈరోజు ఏమి చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను, అంతే. 15 నిమిషాల్లో ముగుస్తుంది. అధికారికి కాదు, ఒకరికొకరం చెప్పుకుంటాం. పని కూడా రెండేసి వారాలకే పెట్టుకుంటాం. 2001లో అమెరికాలోని యూటా కొండల్లో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడి ఇలా పనిచేసే పద్ధతులకి ఎజైల్ అని పేరు పెట్టారు. వేసుకున్న ప్రణాళికనే పట్టుకుని ఉండేకన్నా మార్పును బట్టి నడుచుకోవడం మేలన్నది వాళ్ల మాట.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇంతకుముందు పనిచేసిన చోటా ఇవే సమావేశాలు. కానీ "ఆగిపోయాను" అన్నవాళ్లని మేనేజరు అందరి ముందూ నిలదీసేవాడు. దాంతో అందరం "అయిపోవచ్చిందండీ" అనడం నేర్చుకున్నాం. ఆ అలవాటు నా వెంటే వచ్చింది. ఫిబ్రవరిలో నా పని రాసి అంటించిన పసుపు చీటీ నాలుగు రోజులు బోర్డు మీద ఒకే గడిలో ఉండిపోయింది. రోజూ అయిపోవచ్చిందనే చెప్పాను. నా తరువాత పని అందుకోవలసిన అమ్మాయి ఎదురుచూస్తూనే ఉంది. ఐదో రోజు నా పక్కన కుర్చీ వేసుకుని, "రావడం లేదని సోమవారమే చెబితే ఇద్దరం కూర్చునేవాళ్లం కదా" అంది. కోపం కూడా లేదు.

నాకు మన శివారు చేను గుర్తుకు వచ్చింది. వంతు రోజున పై చేలవాళ్లు బోదెకి అడ్డం తీయకుండానే "వదిలేశాం" అనేవారు. మీరు టార్చిలైటు పట్టుకుని తెల్లవార్లూ గట్టు మీద కూర్చునేవారు. వాళ్లు మీకు చేసిందే నేను ఆ అమ్మాయికి చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాలేదు, మీరు దిగులు పెట్టుకోవద్దు.

మీ మోకాలి సంగతి అన్నయ్య చెప్పాడు. నాతో మాత్రం తగ్గిపోయింది అన్నారు. అమలాపురంలో చూపించారా? మేడ మెట్లు ఎక్కగలుగుతున్నారా? ఉన్నది ఉన్నట్టు రాయండి. అమ్మ చేత రాయించకుండా మీరే రాయండి.

కొబ్బరి దింపు తీయించారా?

మీ
చిన్నమ్మాయి