నాటకం చూసేవాళ్ల కోసం కూడా ఒక పద్దు తెరవండి

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఒక జిల్లా కేంద్రంలో నాటక సమాజంలో పనిచేస్తున్నాను. నంది నాటకోత్సవాలనో, నాటక పోటీలు నడిపే పరిషత్తులకు అందే సాయాన్నో తగ్గించమని ఈ ఉత్తరం రాయడం లేదు. అవి లేకపోతే మాలాంటి సమాజాలు చాలా ఈపాటికి మూతపడేవి. నేను అడిగేది ఇంకొకటి. బహుమతి నటుడికి వెళ్తుంది, దర్శకుడికి వెళ్తుంది, రచయితకి వెళ్తుంది. నాటకం చూడడానికి వచ్చే మనిషి కోసం కూడా మీ శాఖ లెక్కల్లో ఒక పద్దు తెరవండి. వినగానే ఇది వింత కోరికలా అనిపించవచ్చు. కానీ యూరప్ నాటక చరిత్రలో ఇది చాలా పాత ఆలోచన. ఎంత పాతదంటే, నాటకం పుట్టిన ఏథెన్స్ నాటిదే.

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో డయోనిసస్ దేవుడి రంగస్థలం ఉండేది. ఏటా వసంతకాలపు జాతరలో అక్కడ నాటకాల పోటీ జరిగేది. బృందగానం చేసేవాళ్ల శిక్షణ, దుస్తుల ఖర్చు ఊళ్లోని ఒక ధనికుడు భరించాలి. అది దానం కాదు, నగరం అతని మీద పెట్టిన బాధ్యత. ఇక చూడడానికి వచ్చే పౌరుడు రెండు ఓబోల్‌లు, అంటే రెండు చిన్న నాణేలు చెల్లించాలి. అది కూడా లేనివాడి కోసం ఖజానా నుంచే డబ్బు పంచేవారు. ఆ నిధి పేరు థియోరికాన్. క్రీ.పూ. 4వ శతాబ్దానికి అది ఎంత బలపడిందంటే, మాసిడోనియా రాజు ఫిలిప్ మీదికి వస్తున్నప్పుడు ఆ డబ్బును సైన్యానికి మళ్లించాలని డెమోస్తనీస్ అంతటి వక్త పదేపదే వాదించాల్సి వచ్చింది. నాటకం చూసే పేదవాడి టికెట్టు డబ్బు, యుద్ధానికి కావలసిన డబ్బు ఒకే సభలో ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ నిధి పౌరులకే, బానిసలకు కాదు. ఆ అన్యాయాన్ని నేను దాచను. అయినా నాటకం చూడడం పౌరుడి పని, దానికి ఖర్చు పెట్టడం నగరం పని అని అంత ముందుగా అనుకున్నవాళ్లు వాళ్లే.

మధ్యయుగంలో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో బైబిలు కథలను బండ్ల మీద వీధి వీధికీ తిప్పి ఆడేవారు. ఓడలు కట్టేవాళ్ల సంఘం నోవహు ఓడ ఘట్టం ఆడేది, రొట్టెలు చేసేవాళ్లు ఏసు చివరి విందు ఆడేవారు. ఖర్చు వృత్తి సంఘాలది. నాటకమే జనం దగ్గరికి వచ్చేది.

లండన్ కథ దగ్గర కాస్త ఆగుతాను. 1576లో జేమ్స్ బర్బేజ్ ఊరి పొలిమేరలో నాటకాల కోసమే ఒక భవనం కట్టాడు. 1599లో షేక్‌స్పియర్ బృందం ఆడిన గ్లోబ్ నాటకశాల లేచింది. అక్కడ నిలబడి చూడడానికి ఒక పెన్నీ. చేతిపని తెలిసిన కూలీకి రోజుకు సుమారు 12 పెన్నీలు వచ్చే కాలం అది. మన భాషలో చెప్పాలంటే అది నేల టికెట్టు. షేక్‌స్పియర్ నాటకాల్లో రాజులతో పాటు సమాధులు తవ్వేవాళ్లు, కాపలావాళ్లు, నేతగాడు, వడ్రంగి అంత ప్రాణంతో మాట్లాడడానికి, ఆ నేల టికెట్టు వాళ్లు ఎదురుగా నిలబడి వినడం ఒక కారణమని నా నమ్మకం. అదే బృందం తర్వాత బ్లాక్‌ఫ్రయర్స్ అనే లోపలి హాలులో కూడా ఆడింది. అక్కడ అన్నిటికన్నా తక్కువ టికెట్టు ఆరు పెన్నీలు.

1642లో పార్లమెంటు నాటకశాలలు మూయించింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక తెరిచారు గానీ, లండన్ మొత్తానికి రెండే కంపెనీలకు రాజు అనుమతి ఇచ్చాడు. ఇప్పుడు పై గేలరీలో చివరి సీటుకే ఒక షిల్లింగ్, అంటే 12 పెన్నీలు. అరవై ఏళ్లలో తలుపు దాటడానికయ్యే ఖర్చు పన్నెండు రెట్లయింది. కూలి మాత్రం అలా పెరగలేదు. ఆ తర్వాతి కామెడీలు చదవండి. తెలివైనవి, చమత్కారమైనవి, కాదనను. కానీ వాటి ప్రపంచం పెద్దింటివాళ్ల డ్రాయింగ్ రూములు, కట్నాలు, ఆస్తులు, అక్రమ సంబంధాలు. హాలులో ఎవరు కూర్చున్నారో వేదిక మీద కూడా చాలావరకు వాళ్లే కనిపిస్తారు.

ధర పెంచితే జనం ఊరుకోలేదు కూడా. 1808లో కోవెంట్ గార్డెన్ నాటకశాల కాలిపోయింది. కొత్తది కట్టి 1809 సెప్టెంబర్ 18న మాక్‌బెత్‌తో తెరిచారు. కట్టిన ఖర్చు రాబట్టాలని మేనేజర్ జాన్ ఫిలిప్ కెంబుల్ బాక్సు టికెట్టు ఆరు షిల్లింగుల నుంచి ఏడుకీ, కింది భాగం టికెట్టు మూడున్నర నుంచి నాలుగుకీ పెంచాడు. సంపన్నులకు ఏడాది అద్దెకిచ్చే ప్రైవేటు బాక్సులు పెరిగాయి. పై గేలరీలో కూర్చున్నవాళ్లకు నటుల కాళ్లు తప్ప ఏమీ కనపడడం లేదని గొడవ. మొదటి రాత్రి నుంచే జనం వేదిక వైపు వీపు తిప్పి నిలబడ్డారు, గంటలు మోగించారు, పాటలు పాడారు, "పాత ధరలే కావాలి" అని బ్యానర్లు కట్టారు. 67 రాత్రులు ఇదే వరస. చివరికి కెంబుల్ క్షమాపణ చెప్పి కింది భాగానికి పాత ధరే పెట్టాడు. నాటకశాల ఒక వ్యాపారి ఆస్తే కావచ్చు, కానీ అందులో మాకూ హక్కుందని ఆ జనం నమ్మారు. మన హాళ్ల గురించి మనవాళ్లకు అలాంటి నమ్మకం కలిగించగలిగామా అన్నది నన్ను బాధించే ప్రశ్న.

ఇప్పుడు బెర్లిన్. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

1844లో జర్మన్ రాజ్యమైన ప్రష్యాలోని సైలీషియా ప్రాంతంలో నేతగాళ్లు ఆకలితో తిరగబడ్డారు. మిల్లు గుడ్డతో పోటీ, ఒక పక్క కూలి కోసే వ్యాపారులు. సైన్యం కాల్పులతో ఆ తిరుగుబాటు అణిగిపోయింది. ఆ ప్రాంతపు వాడే, నేతగాడి మనవడే అయిన గెర్హార్ట్ హౌప్ట్‌మన్ దాన్ని 'నేతగాళ్లు' అనే నాటకంగా రాశాడు. దానిలో ఒక్క నాయకుడు లేడు, ఊరంతా కథానాయకుడే. చీరాల, మంగళగిరి మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు అందులో పరాయిది ఏమీ ఉండదు. 1892లో బెర్లిన్ పోలీసులు ఆ నాటకాన్ని నిషేధించారు. మన విజయనగరంలో గురజాడ వారి 'కన్యాశుల్కం' మొదటిసారి వేదికెక్కిన ఏడాదే అది.

కేసు ప్రష్యా ఉన్నత పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లింది. 1893లో కోర్టు బెర్లిన్‌లోని డాయిషెస్ థియేటర్ అనే నాటకశాలలో ప్రదర్శనకు అనుమతించింది. ఎందుకో వినండి. ఆ హాలులో టికెట్లు ఖరీదైనవి, చవక సీట్లు చాలా తక్కువ, కూలిజనం పెద్దగా రారు, వచ్చేవాళ్లు అల్లర్లు చేసే రకం కారు, కాబట్టి శాంతిభద్రతలకు ప్రమాదం లేదు! ఈ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ న్యాయమూర్తులు ఒక నిజాన్ని దాపరికం లేకుండా చెప్పారనిపించింది. నాటకం బలం రాతలో ఒక్కచోటే లేదు, అది ఎవరి ముందు ఆడుతున్నారన్న దానిలో కూడా ఉంది. టికెట్టు ధర ఎక్కువగా ఉంటే నిషేధంతో పనే లేదు. 1894లో అక్కడ ఆ నాటకం ఆడితే, చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఆ థియేటర్‌లో తన బాక్సును వదులుకున్నాడు.

ఆ బెర్లిన్‌లోనే, 1890లో, కార్మికులు తమ దారి తాము వేసుకున్నారు. రచయిత బ్రూనో విల్లే పిలుపుతో ఫ్రయె ఫోక్స్‌బ్యూనె, అంటే స్వేచ్ఛా ప్రజారంగస్థలం అనే సంఘం పుట్టింది. సభ్యులు చిన్న చందా కట్టేవారు. ఆదివారం మధ్యాహ్నాలు, అంటే ఫ్యాక్టరీకి సెలవు ఉన్నప్పుడు, అద్దె హాళ్లలో నాటకాలు. సీటు ఎక్కడన్నది చీటీ తీస్తే తేలేది. అందరికీ ఒకే చందా, ముందు వరస ఎవరి అదృష్టం వాళ్లది. మొదటి నాటకం నార్వే రచయిత ఇబ్సెన్‌ది. 'నేతగాళ్లు' నాటకాన్ని కూడా 1893లోనే ఈ కార్మిక ప్రేక్షకులు చూశారు. ఇలా కూడబెట్టిన చిల్లరతో 1914లో సొంత భవనమే కట్టుకున్నారు. బెర్లిన్ నడిబొడ్డున అది ఇవాళ్టికీ ఉంది. 1933 తర్వాత నాజీలు ఆ సంస్థను తమ గుప్పిట్లోకి తీసుకున్నారన్నదీ చెప్పాలి. ప్రభుత్వం డబ్బిచ్చి ఏ నాటకం ఆడాలో కూడా తానే చెబితే ఏమవుతుందో ఆ సంస్థ చరిత్రలోనే ఉంది. అందుకే నేను అడిగే డబ్బు నాటకాన్ని ఎంచడానికి కాదు. ప్రేక్షకుడిని హాలు దాకా తేవడానికి.

ఫ్రాన్స్‌లో 1951 నుంచి 1963 వరకు దర్శకుడు జాఁ విలార్ జాతీయ ప్రజా నాటకశాలను నడిపినప్పుడు చేసింది ఇదే. నీళ్లు, గ్యాసు, కరెంటు ఎలాగో నాటకమూ అలాంటి ప్రజాసేవే అనేవాడాయన. పారిస్‌లోని షాయో భవనంలో రెండున్నర వేల పైచిలుకు సీట్ల హాలు. టికెట్టు తక్కువ. సీటు చూపించేవాళ్లకు టిప్పు ఇవ్వాల్సిన ఆచారం తీసేశాడు. పని నుంచి నేరుగా వచ్చేవాళ్లు అక్కడే తక్కువ ధరకు తిని, ఆఖరి రైలు తప్పిపోకుండా ఇంటికి చేరేలా ప్రదర్శన సమయం ముందుకు జరిపాడు. ఫ్యాక్టరీ కమిటీలతో, విద్యార్థి సంఘాలతో మాట్లాడి గుంపులుగా టికెట్లు ఇచ్చాడు. ఆ హాలులో ఆడింది తేలిక నాటకాలు కావు: కోర్నేయ్, మోలియేర్, బ్రెహ్ట్ లాంటి పెద్ద రచయితలవి.

మంత్రి గారూ, మన దగ్గర పరిషత్తు నాటకాలకు టికెట్టే ఉండదు కదా, ఉచితమే కదా అని మీ అధికారులు అనవచ్చు. నిజమే. కానీ తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన జనం రారు. నాటకం ఎప్పుడో తెలియదు, అర్ధరాత్రి దాకా సాగితే తిరిగి వెళ్లడానికి బస్సు ఉండదు, ఆడవాళ్లు ఎలా వస్తారు? నెలల తరబడి రిహార్సల్స్ చేసిన నాటిక ఒక్కో పరిషత్తులో ఒక్క రాత్రి ఆడుతుంది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, వెనక మిగతా పోటీ సమాజాలవాళ్లు. శాలువాలు, మెమెంటోలు అయ్యాక అందరం వ్యాన్ ఎక్కుతాం. ఆ నాటిక ఎవరి గురించి రాశారో ఆ ఆటో డ్రైవరు, ఆ కౌలు రైతు, ఆ ఆశా కార్యకర్త దాన్ని చూడనే చూడరు. అందుకే మన రచనలు కూడా మెల్లగా జడ్జీల మార్కుల వైపు మొగ్గుతున్నాయి. ఇది నాటకం రాసేవాళ్లం ఒప్పుకోవాల్సిన మాట.

మనకు ఇంకో అనుభవం కూడా ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ఊళ్లో డేరా వేసి, రోజుకో నాటకం చొప్పున రోజుల తరబడి ఆడేవారు. టికెట్టు కొని చూసిన జనమే వాళ్లను తరాల పాటు పోషించింది. అంటే తెలుగువాడు నాటకం చూడడన్నది అబద్ధం.

కాబట్టి నా మనవి ఇది. ముందు రెండు మూడు జిల్లాల్లో మొదలుపెట్టినా చాలు. ప్రభుత్వ ఆడిటోరియాలలో నాటకానికి పెళ్లిళ్ల, కంపెనీ ఫంక్షన్ల అద్దె కాకుండా వేరే తక్కువ అద్దె పెట్టండి, నెలలో కొన్ని సాయంత్రాలు నాటకానికే ఉంచండి. బహుమతి పొందిన ప్రతి నాటకం ఆ తర్వాత కనీసం పది ఊళ్లలో ఆడేలా ఖర్చు ఇవ్వండి. ఆ ఊళ్లు మండల కేంద్రాలైతే ఇంకా మంచిది. కాలేజీ పిల్లలకు, భవన నిర్మాణ కార్మికులకు, నేత సహకార సంఘాలకు, పొదుపు సంఘాల మహిళలకు నాటకం పాస్ ఇవ్వండి. వాళ్లు ఆ పాస్‌తో ఏ నాటకం చూస్తే ఆ సమాజానికి ఆ డబ్బు వెళ్లాలి. ఏ నాటకం చూడాలన్నది వాళ్లే తేల్చుకుంటారు, మీ శాఖ తేల్చాల్సిన పని ఉండదు. ప్రదర్శన సాయంత్రం ఆరున్నరకు మొదలై, తొమ్మిది లోపు ముగియాలి. ఆర్టీసీతో మాట్లాడి, ఆ రోజున ఆఖరి బస్సు కాస్త ఆగేలా చూడండి.

వచ్చే బడ్జెట్టు ప్రతిపాదనలు తయారుచేసే ముందు మీ శాఖ అధికారులతో ఒక సమావేశం పెట్టి, నాటక సమాజాల వాళ్లతో పాటు, ఇంతవరకు నాటకం చూడని కొందరిని కూడా పిలవండి. పాస్ ఉంటే వస్తారా, రాకపోతే ఎందుకు రారు అని వాళ్లనే అడగండి. మా జిల్లా నుంచి అలాంటివాళ్లను వెంటబెట్టుకుని రావడానికి మా సమాజం సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక నాటక సమాజ సభ్యుడు